అంట్లు తోమే మిషను కారుతుంటే



ఈ నెల ఫ్రిజ్జు తలుపు రబ్బరు గురించి వ్రాయాలనుకొని సగం వ్రాసి ఉంచాను. ఇంతలో ఒక ఆదివారము ఒంగోలులో ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరి నా చేయి పట్టుకొని వేపచెట్టు క్రిందికి తీసికొని వెళ్లింది.

"అక్కయ్యగారూ, మా గిన్నెల మిషను కారుతోందండీ. ఆ నీళ్లలో మా అత్తయ్యగారు జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. ఇక దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామంటున్నారు మా ఆయన. మీ ఇంట్లో కూడా ఉందిగా, ఒకసారి వచ్చి చూస్తారా?"

నేను మెకానిక్కును కాను. కాని మా ఇంట్లో అటువంటి మిషను ఆరేళ్లుగా ఉన్నది. దాని ముందు నేను మోకాళ్లూనిన సందర్భాలు తక్కువేమీ కాదు. ప్రార్థనకు కాదు లెండి, టార్చిలైటు పట్టుకొని. గనుక ఆ సాయంత్రమే వెళ్లాను. అక్కడ చూచినదీ, ఇన్నేళ్లలో నేర్చుకొన్నదీ కలిపి వ్రాస్తున్నాను. ఫ్రిజ్జు సంగతి వచ్చే నెల చూద్దాము.

ఆ ఇంటికి ఈ మిషను సరదాగా వచ్చినది కాదు. 2020లో కరోనా వలన లాక్‌డౌను పెట్టినప్పుడు పనిమనిషి రావడం ఆగిపోయింది. ఆ ఏడు ఊరూరా ఈ మిషన్ల కోసం జనం ఎగబడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్న కొడుకు మరుసటి సంవత్సరము ఒకటి కొని పంపాడు. అత్తగారికి డెబ్బయి దాటాయి, కీళ్లనొప్పులు. కోడలు ఉదయమే బడికి వెళ్లవలసిన టీచరు. రాత్రి భోజనాలయ్యాక అంట్లన్నీ లోపల సర్ది, మీట నొక్కి పడుకుంటే తెల్లవారేసరికి గిన్నెలు తళతళలాడుతూ ఉండేవి. అలా మూడేళ్లు నడిచింది. ఆ తరువాత ఒక తెల్లవారుజామున పెద్దావిడ మంచినీళ్లకని వంటగదిలోకి వెళ్లి, చీకట్లో, మిషను క్రింద నుండి పారిన నీళ్లలో కాలు వేశారు. మణికట్టు ఎముక విరిగింది. తుంటి విరగలేదు, అదే దేవుని కృప అన్నారావిడ నాతో, కట్టు చూపిస్తూ.

నేను వెళ్లేసరికి ఆ మిషనులో ఆవకాయ జాడీలు పెట్టి ఉన్నాయి. కోడలు రాత్రి పది గంటలకు సింకు దగ్గర నిలబడి తోముతోంది. మిషను అమ్మినవారి మనిషికి ఫోను చేస్తే, చూడకుండానే "పంపు పోయింటుందమ్మా, మార్చాలి, ఏడెనిమిది వేలవుతుంది" అన్నాడట. చూడకుండా రోగము చెప్పే వైద్యుని దగ్గరకు మనము వెళ్తామా? ఆమె భర్తగారైతే, "ఇవి దొరసానుల వస్తువులండీ, మన కూరలకు, మన నీళ్లకు ఆగవు" అన్నారు. ఆ మాటలో సగం నిజముంది. ఏ సగమో తరువాత చెప్తాను.

దొరసానుల వస్తువన్న మాట మాత్రము సరే. ఇది పనికివచ్చేలా నడిచినది అమెరికాలో జోసెఫీన్ కాక్రేన్ అనే గృహిణి చేతుల్లోనే. పనివారు కడిగేటప్పుడు తన పింగాణీ పళ్లెముల అంచులు పగులుతున్నాయని ఆమె బాధ. 1883లో భర్త అప్పులు మిగిల్చి చనిపోయాడు. ఇంటి వెనుక షెడ్డులో ఒక మెకానిక్కు సహాయముతో మిషను తయారు చేసి, 1886 డిసెంబరు 28న పేటెంటు సంపాదించింది. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దానిని చూపించింది. బ్రష్షులతో రుద్దడం కాదు, నీళ్లను వేగముగా చిమ్మి కడగడం ఆమె ఎంచుకొన్న పద్ధతి. నేటికీ పద్ధతి అదే. అందుచేతనే, చిమ్మే నీళ్లు దారి తప్పితే మిషను కారుతుంది.

ఇక పనిలోకి వద్దాము. వెళ్లగానే మొదట ప్లగ్గు ఊడదీయించాను. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు బయటకు రావాలి. ఈ మిషను లోపల నీళ్లు కాచే హీటరు ఉంటుంది, అది ఒక్కటే సుమారు రెండు వేల వాట్ల కరెంటు తీసుకొంటుంది. నేల తడిగా ఉన్నప్పుడు, లోపల ఎక్కడ నీళ్లు చేరాయో తెలియనప్పుడు, కరెంటుతో పరాచికాలు వద్దు. స్టీలు తలుపును తాకితే చేయి జిల్లుమన్నట్టు అనిపిస్తే, లీకు సంగతి తరువాత, ముందు ఎలక్ట్రీషియన్ను పిలిపించండి. పాత ఇండ్లలో మూడు కన్నాల సాకెట్టు ఉంటుంది కాని ఆ మూడవ కన్నానికి వెనుక ఎర్తు తీగే ఉండదు. ఉన్నా, మన నల్లరేగడి నేలలు వేసవిలో బీటలు వారి ఎండిపోతాయి, ఎర్తు గొయ్యి కూడా ఎండుతుంది. పెరట్లో ఆ గొయ్యి ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం నేను చాలా చోట్ల చూచాను. ఎండాకాలము దానిలో నీళ్లు పోయించండి. 16 ఆంపియర్ల సాకెట్టుకు విడిగా తీగ లాగించుకొని, లీకు కరెంటుకు వెంటనే పడిపోయే 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకొంటే ఆ ఖర్చు ఎన్నటికీ దండుగ కాదు.

తరువాత కుళాయి కట్టించాను. నీళ్లు ఎక్కడ నుండి కారుతున్నాయో అడిగే ముందు, ఎప్పుడు కారుతున్నాయో అడగాలి. మిషను నడవకపోయినా, ఊరికే కుళాయి తెరిచి ఉంటేనే నేల తడుస్తుంటే, తప్పు కుళాయి దగ్గరో, లోపలికి వెళ్లే పైపులోనో ఉన్నట్టు. అక్కడ బిగింపులో ఒక రబ్బరు వాషరు ఉంటుంది. అది ఎండి చిట్లుతుంది. ప్లంబరు వచ్చి మర మీద తెల్ల టేపు చుట్టలు చుట్టలుగా చుట్టి వెళ్తాడు. పైపు బిగించే చోట నీళ్లను ఆపేది టేపు కాదు, ఆ వాషరే. పది రూపాయల వస్తువు. మార్చి, చేత్తో గట్టిగా బిగించి, ఆపైన రెంచితో కొంచెము తిప్పితే చాలు. అయితే ఒక హెచ్చరిక. కొన్ని మిషన్లకు కుళాయి దగ్గర పెద్ద ప్లాస్టిక్ డబ్బా వంటిది ఉంటుంది. నీళ్లు కారితే దానంతటదే కట్టివేసే ఏర్పాటు అది. ఆ పైపులో కరెంటు తీగ కూడా వెళ్తుంది. పొడవు చాలలేదనో, చీలిందనో ఆ పైపును కోయవద్దు, అతికించవద్దు.

ఈ ఇంట్లో ఆ బిగింపు పొడిగానే ఉంది. అప్పుడు మిషను క్రింద పాత వార్తాపత్రికలు పరిపించాను. మిషను కారడం కనిపెట్టడానికి ఇంతకన్న మంచి పరికరము నాకు తెలియదు. ఎక్కడ మొదటి మచ్చ పడుతుందో అక్కడే దొంగ ఉన్నట్టు. ముందు వైపు తడిస్తే తలుపు. వెనుక వైపు తడిస్తే పైపులు. నడిమధ్య తడిస్తే లోపలి పంపు, దాని సీళ్లు. అది మన పని కాదు, మెకానిక్కు పని. ప్లగ్గు పెట్టి, కుళాయి తెరిచి, ఉత్త కడుగుడు మీట నొక్కి, ఇద్దరమూ కుర్చీలు వేసుకొని దూరముగా కూర్చున్నాము. పెద్దావిడ గుమ్మము దగ్గరనే నిలబడి చూస్తున్నారు. ఎనిమిది నిమిషాలకు కాగితము ముందు అంచున ఎడమ మూల నల్లబడింది.

ముందు వైపు కారడానికి మన ఇండ్లలో కారణాలు ఎక్కువగా చిన్నవే. మొదటిది సబ్బు. మిషను పొడి అయిపోయిన రోజున గిన్నెలు తోమే మామూలు లిక్విడ్ రెండు చుక్కలేగా అని వేస్తారు. అది నురగ కట్టి తలుపు సందుల నుండి పొంగుతుంది. అలా జరిగితే మిషను ఆపి, లోపల గుప్పెడు ఉప్పు చల్లితే నురగ అణగుతుంది. తరువాత నీళ్లు బయటకు పంపి రెండు మూడు సార్లు ఉత్త నీళ్లతో కడిగించండి. రెండవది మట్టము. మన వంటిండ్ల నేలలు తూము వైపు వాలుగా ఉంటాయి. పైగా మిషనును చక్రాల స్టాండు మీద ఎక్కిస్తారు. అది ముందుకు వాలితే తలుపు అడుగు అంచు మీద నీళ్లు నిలిచి బయటకు వస్తాయి. తాపీమేస్త్రీ రసమట్టము ఒక్క గంట అరువు తెచ్చుకొని చూడండి, కాళ్ల దగ్గర మరలు తిప్పి సరిచేయవచ్చును. మూడవది తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ. దాని మడతలో మెతుకులు, మిరపతొక్క, నూనె జిడ్డు చేరితే తలుపు ఒత్తుకోదు. ముఖ్యముగా తలుపు అడుగు భాగము, మనము వంగి చూడనిది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు. గమ్ములు, ఎం-సీలు పూయవద్దు.

ఇక్కడ సబ్బు సరైనదే. మట్టము బాగానే ఉంది. రబ్బరు తుడిచాము. మళ్లీ నడిపాము. మళ్లీ అదే మూల తడిసింది.

అప్పుడు ప్లగ్గు తీసి, క్రింది బుట్ట బయటకు లాగి, అడుగున గిరగిర తిరిగే రెక్కను ఊడదీశాను. చాలా మిషన్లలో అది పైకి లాగితే వచ్చేస్తుంది. దాన్ని వెలుతురులో పట్టుకొని చూస్తే విషయము తెలిసింది. రెక్క మీద వరుసగా ఉండవలసిన కన్నాలలో సగము తెల్లగా పూడుకొనిపోయి ఉన్నాయి. వేలితో గీరితే సున్నము. కన్నాలు మూసుకొనేసరికి లోపల ఒత్తిడి పెరిగి, రెక్క అంచున అతుకు చిట్లింది. పైకి, గిన్నెల మీదికి పోవలసిన నీళ్లు ఆ చీలికలో నుండి ప్రక్కకు, సరిగ్గా తలుపు అడుగు అంచుకు కొడుతున్నాయి. ఎంత మంచి రబ్బరైనా ఆ దెబ్బకు ఆగదు. పంపుకు ఏ జబ్బూ లేదు. పంపు బాగుండబట్టే నీళ్లు అంత గట్టిగా కొట్టాయి.

భర్తగారి మాటలో నిజమైన సగము ఇదే, మన నీళ్లు.

ఒంగోలుకు సాగరు కుడికాలువ నీళ్లు చెరువులలో నింపి ఇస్తారు. 1967లో సాగరు కాలువలకు నీళ్లు వదలకముందు ఈ మెట్ట ప్రాంతములో మన పెద్దలు ఏ నీళ్లు తాగారో అత్తగారినడిగితే కథలుగా చెప్తారు. కాలువ నీళ్లు మెత్తనివే. కాని అవి చాలని ఇంట్లో బోరు వేస్తారు. ఈ రెండూ ఒకే సంపులో కలుస్తాయి, ఒకే ట్యాంకులోకి ఎక్కుతాయి. బోరు నీళ్ల సంగతి మీకు తెలియనిదా? ఆ నీళ్లు పోస్తే కందిపప్పు ఎంతకూ ఉడకదు. ఇడ్లీపాత్ర అడుగున తెల్లని పొర కడుతుంది. తలంటుకొంటే జుట్టు చిక్కుపడి పీచవుతుంది. బడి పుస్తకాలలో దీనినే కఠినజలము అని చదివాము. నీటిలో కరిగి ఉన్న కాల్షియము, మెగ్నీషియము లవణాలు. అటువంటి నీళ్లు వేడెక్కినప్పుడు సున్నము విడిపోయి గట్టిగా అంటుకొంటుంది. ఈ మిషనేమో రోజూ నీళ్లు వేడిచేసి, సన్నని కన్నాలలో నుండి తోస్తుంది. ఇక చెప్పవలసిందేముంది?

భారత ప్రమాణాల ప్రకారము త్రాగునీటిలో కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు సహించవచ్చునని ఉన్నది. మిషనుతో వచ్చిన పుస్తకములో మాత్రము లెక్క జర్మను డిగ్రీలలో ఉంటుంది. ఒక డిగ్రీ అంటే సుమారు 18 మిల్లీగ్రాములు. మీ నీళ్ల పరీక్ష కాగితములో 540 అని వస్తే మిషనులో 30 దగ్గర పెట్టాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలలో ఈ పరీక్ష చేస్తారు. ముంచి రంగు చూచే కాగితపు పట్టీలు కూడా బజారులో దొరుకుతాయి. నీళ్ల ఫిల్టర్లు అమ్మేవారు కలము వంటిది ముంచి ఒక అంకె చూపిస్తారే, అది కాఠిన్యము కాదు. నీళ్లలో కరిగిన అన్ని లవణాలకూ కలిపి చెప్పే అంచనా అది. ఉప్పగా ఉన్న నీళ్లన్నీ సున్నపు నీళ్లు కావు.

ఇంకొక చిక్కు. మన నీళ్లు ఏడాది పొడవునా ఒకటి కావు. కాలువ వచ్చే నెలల్లో ట్యాంకులో మెత్తని నీళ్లు ఎక్కువ, ఎండలు ముదిరి కాలువ కట్టివేశాక బోరు నీళ్లు ఎక్కువ. డిసెంబరులో సరిగా పెట్టిన అంకె మే నెలకు చాలదు. మిషను బిగించిన కుర్రవాడు ఏదో ఒక అంకె పెట్టి వెళ్లిపోతాడు. ఆ తరువాత దానిని ఎవరూ ముట్టరు. ఈ ఇంట్లో అది మధ్యలో ఉంది, వచ్చిన రోజు నుండి. నీళ్లు పరీక్షించాక దానిని పైకి పెంచుకొన్నాము.

ఆ తరువాత అడిగాను, ఉప్పు ఏది వేస్తున్నావమ్మా అని. ఆమె ఎంతో సంతోషముతో అటక మీద నుండి ఒక సంచి దింపింది. చినగంజాము ఉప్పు! "ఆ మిషను ఉప్పు ప్యాకెట్టు అంత ధర పెట్టి ఎందుకండీ, ఉప్పు ఉప్పేగా, మనకు ప్రక్కనే కొటార్లుంటే" అన్నది. నాకు నవ్వు వచ్చింది, జాలీ వేసింది. పొదుపుగా సంసారము చేసే ఏ ఇల్లాలైనా అలాగే అనుకొంటుంది.

మిషనులో ఉప్పు ఏమి చేస్తుందో తెలిస్తే ఈ తప్పు జరగదు. అడుగున ఒక అరలో చిన్న చిన్న పూసల వంటి పదార్థము ఉంటుంది. నీళ్లు దాని గుండా పోతాయి. పూసలు నీళ్లలోని కాల్షియమును, మెగ్నీషియమును పట్టుకొని, బదులుగా సోడియమును వదులుతాయి. అలా నీళ్లు మెత్తబడతాయి. కొన్నాళ్లకు పూసలు నిండిపోతాయి. అప్పుడు మిషను గట్టి ఉప్పునీటిని వాటి మీదుగా పంపి, పట్టుకొన్నదంతా వదిలించి తూములోకి పోనిస్తుంది. అంటే ఆ ఉప్పు గిన్నెలకు కాదు, పూసలను కడగడానికి. సముద్రపు ఉప్పులో కాల్షియము, మెగ్నీషియము లవణాలే కొంత ఉంటాయి. మన్ను, ఇసుక కూడా ఉంటాయి. మురికిని మురికితో కడిగినట్టే. ప్యాకెట్టులో వచ్చే మెత్తని అయోడైజ్డు ఉప్పులో గడ్డకట్టకుండా వేరే పొడి కలుపుతారు, అదీ పనికిరాదు. చినగంజాము ఉప్పు ఆవకాయకు శ్రేష్ఠము, అక్కడే ఉంచండి. దీనికి మాత్రము ఈ మిషన్ల కోసమని అమ్మే రాళ్ల వంటి ఉప్పే వేయాలి. మొదటిసారి ఆ అరలో నీళ్లు నింపిన తరువాత ఉప్పు పోయాలి. చుట్టూ ఒలికినది తుడిచి, మూత బిగించి, వెంటనే ఒకసారి నడపాలి. లేకపోతే ఉప్పునీళ్లు నిలిచి స్టీలును తింటాయి.

రెక్కను నిమ్మఉప్పు కలిపిన వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టించాను. ఉదయము చీపురుపుల్లతో పొడిస్తే ఒక్కొక్క కన్నము తెరుచుకొంది. చిట్లిన అతుకు మాత్రము అతకదు. కొత్త రెక్క తెప్పించుకొన్నారు, వెయ్యి రూపాయల లోపే. అది వచ్చాక, ఖాళీ మిషనులో నాలుగైదు చెంచాల నిమ్మఉప్పు వేసి అన్నిటికన్న వేడి కడుగుడు ఒకటి పెట్టాము. లోపలి గోడలు కొత్తవాటిలా వచ్చాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. స్నానాల గది కడిగే యాసిడ్ ఈ పనికి వాడవద్దు. అది స్టీలును పాడుచేస్తుంది, ఆ ఆవిరి ఊపిరికి మంచిది కాదు. నిమ్మఉప్పుతో బ్లీచింగు కలపవద్దు. విషవాయువు పుడుతుంది.

ఫిల్టరు కూడా తీసి చూచాము. ఎడమ వైపుకు తిప్పితే ఊడి వస్తుంది. ఏముందనుకొన్నారు? మిరపగింజలు. గుంటూరు సీమ వంటింట్లో మరేముంటాయి! వాటితో పాటు ఆవాలు, కరివేపాకు ఈనెలు, చింతపండు పీచు, ఊరగాయ సీసా నుండి ఊడిన కాగితము ముక్క. పళ్లెము మీది మెతుకులు, తొక్కలు చెత్తబుట్టలో దులిపి పెడితే ఇన్ని ఉండవు. ఫిల్టరు వారానికొకసారి కుళాయి క్రింద కడిగి, టక్కుమని కూర్చునేదాకా బిగించాలి. వదులుగా ఉంటే ఆ గింజలన్నీ పంపులోకి పోతాయి. అప్పుడు మెకానిక్కు చెప్పిన ఏడెనిమిది వేలు నిజమవుతాయి.

మిషను నడిపాము. కాగితము పొడిగా ఉంది. పెద్దావిడ చేతి కాఫీ తాగి, విజయగర్వముతో బస్సెక్కాను.

పది రోజులకు ఫోను వచ్చింది. "అక్కయ్యగారూ, మళ్లీ నీళ్లండీ."

ఈసారి తప్పు నాది. మొదటి రోజున మిషనును గోడకు దూరముగా జరపడం బరువని, కాగితాలు ముందూ నడుమా పరిపించి, వెనుక వదిలేశాను. ముందు ఒక దొంగ దొరకగానే ఇంకొకడు లేడనుకొన్నాను. మళ్లీ వెళ్లి, భర్తగారి చేత మిషనును బయటకు లాగించి, వెనుక కాగితము వేసి నడిపిస్తే, కడిగినంతసేపూ ఏమీ లేదు. మురికినీళ్లు బయటకు తోసే సమయములో మాత్రము జల్లుమన్నది. టార్చి వేస్తే మురుగు పైపు మీద రెండు జతల పంటిగాట్లు. ఎలుక!

ప్రక్క ఖాళీ స్థలములో ఎవరో వంటచెరుకుకని పత్తికట్టె మోపులు పేర్చి ఉంచారు. పొలాలలో పంట తీసేశాక ఎలుకలు అటువంటి చోట కాపురము పెట్టి, రాత్రుళ్లు వెచ్చదనానికీ, తిండి వాసనకూ ఇళ్లలోకి వస్తాయి. మిషను వెనుక చీకటి, వెచ్చదనము, మురుగు పైపులో కూర వాసన. వాటికి ఇంతకన్న ఏమి కావాలి? అన్నము మెతుకులు పోయే ఆ పైపును అవి వదలవు. మురుగు పైపుకు చీలిక వస్తే టేపు చుట్టి రెండు రోజులు గడపవచ్చును కాని మార్చడమే మేలు. కొత్త పైపు వేసేటప్పుడు అది మడత పడకుండా, పుస్తకములో చెప్పిన ఎత్తుకు ఒక వంపు తిరిగి తూములోకి దిగేలా చూడాలి. నేల మీద పరుచుకొని ఉంటే మురికినీళ్లు వెనక్కు రావచ్చును. పాత గోడలో పైపు దూర్చిన కన్నము చుట్టూ పిడికెడంత సందు ఉంది. భర్తగారు గాజుపెంకులు కలిపిన సిమెంటుతో దానిని పూడ్చారు. మిషను అడుగున సన్నని ఇనుప జాలీ కట్టారు. ఇంత చేశాక ఆయన మాట కూడా మారింది. కరెంటు తీగను ఎలుక కొరికి ఉంటే ఏమయ్యేదని ఆయనే రెండుసార్లు అన్నారు.

ఇక మెకానిక్కును ఎప్పుడు పిలవాలి? కాగితము నడిమధ్య తడిస్తే పిలవండి. కాలిన వాసన వస్తే, మిషను పెట్టగానే ఎం.సి.బి. పడిపోతుంటే ఆలస్యము చేయక పిలవండి. ఇంకొకటి, మీట నొక్కకపోయినా లోపల పంపు ఆగకుండా గుయ్యిమంటూ నడుస్తుంటే. మిషను అడుగున ఒక పళ్లెము, దానిలో నీళ్లమీద తేలే బెండు వంటిది ఉంటాయి. ఎక్కడో కారిన నీళ్లు ఆ పళ్లెములోకి చేరితే బెండు పైకి లేచి, నీళ్లు రావడం ఆపి, పంపును నడిపిస్తుంది. ఇల్లు మునగకుండా చేసిన ఏర్పాటది. కొందరు మిషనును వెనక్కు వంచి ఆ నీళ్లు ఒలకబోసి, బాగయిందని మళ్లీ నడుపుతారు. కారేది కారుతూనే ఉంటుంది. గ్యారంటీ కాలములో ఉన్న మిషను వెనుక తలుపులు మీరు విప్పవద్దు. మెకానిక్కు వచ్చినప్పుడు ప్రక్కనే కూర్చోండి, ఏ భాగము నుండి కారుతోందో చూపించమనండి, మార్చిన పాత సామాను, రశీదు అడిగి తీసికొనండి. సిగ్గు పడనక్కరలేదు. అన్యాయము జరిగిందనుకొంటే వినియోగదారుల సహాయానికి 1915 నంబరున్నది.

మొన్న మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. పెద్దావిడ కట్టు విప్పారు. ఎడమ చేత్తో తన కాఫీగ్లాసు తానే మిషను పై బుట్టలో బోర్లిస్తున్నారు, కోడలు వారిస్తున్నా వినకుండా. ఆవకాయ జాడీలు తిరిగి అటక ఎక్కాయి. వంటగదిలో రాత్రంతా వెలిగే చిన్న బల్బొకటి పెట్టించుకొన్నారు. రోజూ పడుకోబోయే ముందు ఆవిడ మిషను క్రింద ఒక పాత పేపరు పరిపిస్తారట. తెల్లవారాక మనుమరాలి చేత దానిని బయటకు లాగించి, వేలితో తడిమి చూచి, ఆ తరువాతనే కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టనిస్తారట.